ఆసుపత్రి చేతిపట్టీ గురించి ఒక పాత నర్సు మాట

సంపాదకులకు నమస్కారం.

గత వారం మీ ఉత్తరాల పేజీలో ఒక పాఠకుడి లేఖ చదివాను. ఆసుపత్రిలో చేర్చిన తన తండ్రి చేతికి ఖైదీకి వేసినట్టు ప్లాస్టిక్ పట్టీ బిగించారట. దాని మీద పేరు అంత స్పష్టంగా ఉన్నా, మందు ఇవ్వడానికి వచ్చిన ప్రతి నర్సూ మళ్లీ పేరు అడుగుతోందట. "వీళ్లకి కళ్లు లేవా?" అని ఆయన ప్రశ్న. నేను ఏళ్ల తరబడి వార్డుల్లో పనిచేసి హెడ్ నర్సుగా రిటైరైనదాన్ని. ఆయన కోపంలో సగం న్యాయమే, దాని సంగతి తర్వాత రాస్తాను. మిగతా సగానికి మాత్రం జవాబు చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

రాత్రి డ్యూటీ ఎలా ఉంటుందో చూడండి. వార్డులో లైట్లు తగ్గించేస్తారు. మందుల ట్రాలీ తోసుకుంటూ మంచం దగ్గరికెళ్లి "లక్ష్మిగారేనా?" అని అడిగితే నిద్రమత్తులో ఉన్నావిడ "ఆఁ" అంటుంది. చెవులు సరిగ్గా వినపడని పెద్దావిడ కూడా "ఆఁ" అంటుంది. మత్తు పూర్తిగా దిగనివాళ్లు, భయపడుతున్నవాళ్లు, నర్సమ్మకి ఎదురు చెప్తే ఏమనుకుంటుందో అని మొహమాటపడేవాళ్లు, అందరి దగ్గరా వచ్చే జవాబు ఆ ఒక్క "ఆఁ" మాత్రమే. అందుకే కొత్తగా చేరిన పిల్లలకి మేం మొదటి రోజే చెప్పేవాళ్లం: పేరు నువ్వు అందించకు, వాళ్ల నోటితో చెప్పించు. "మీ పేరు చెప్పండమ్మా, వయసెంత?" అని అడగాలి. ఆ చెప్పింది పట్టీ మీద ఉన్నదానితో కలవాలి, పట్టీ మీద ఉన్నది కేస్‌షీట్‌తో కలవాలి. మూడూ కలిస్తేనే మాత్ర చేతిలో పెట్టాలి.

ఒకసారి మా వార్డులో ఒకావిడ బాత్రూముకి దగ్గరగా ఉంటుందని పక్కావిడని బతిమాలి మంచం మార్చుకుంది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. డ్యూటీ మారేటప్పుడు హ్యాండోవర్‌లో పాత మంచం నంబరే చెప్పారు. సాయంత్రం ఇన్సులిన్ సిరంజిలోకి తీసుకుని వెళ్లిన అమ్మాయి పేరు అడిగింది. లక్ష్మి అంది ఆవిడ. ట్రేలో ఉన్న చీటీ మీదా లక్ష్మే. కర్మకాలి ఆ వరసలో ఇద్దరు లక్ష్ములు. ఆ అమ్మాయి అక్కడితో ఆగకుండా దుప్పటి కింద ఉన్న చేతిని బయటికి తీసి, పట్టీని తిప్పి, లైటు వైపు పెట్టి ఐపీ నంబరు, అంటే ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చే నంబరు, చదివింది. చివరి రెండు అంకెలు తేడా. సిరంజి ట్రేలో పెట్టేసి నన్ను పిలిచింది. మంచంలో ఉన్నావిడకి షుగరే లేదు, హెర్నియా ఆపరేషన్‌కి వచ్చింది. షుగరు లేని మనిషికి, అందులోనూ ఆపరేషన్ కోసం ఏమీ తినకుండా ఉన్న మనిషికి, ఆ ఇన్సులిన్ పడి ఉంటే ఏమయ్యేదో డాక్టర్లని అడగండి. ఆ ఇద్దరు లక్ష్ములకీ ఇలాంటిది జరగబోయిందని ఇప్పటికీ తెలియదు.

మంచం నంబరుని, గది నంబరుని నమ్మకూడదన్నది నా సొంత కవిత్వం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో రోగి భద్రత మీద సూచనలు ఇచ్చినప్పుడు, మనిషిని గుర్తించడానికి కనీసం రెండు గుర్తులు చూడాలనీ, వాటిలో గది నంబరు ఒకటిగా ఉండకూడదనీ స్పష్టంగా చెప్పింది. రెండెందుకంటే, పేరొక్కటే చాలదని లక్ష్ముల విషయంలో చూశాం కదా. పుట్టినరోజు గానీ, ఆసుపత్రి ఇచ్చిన నంబరు గానీ పక్కన ఉండాలి.

రక్తం ఎక్కించేటప్పుడైతే ఈ పట్టీయే ఆఖరి కాపలా. ఒక గ్రూపు వాళ్లకి పడని గ్రూపు రక్తం ఎక్కిస్తే, ఒంట్లో ముందే సిద్ధంగా ఉన్న యాంటీబాడీలు వచ్చిన ఎర్రకణాల మీద పడి వాటిని పగలగొట్టేస్తాయి. కిడ్నీలు దెబ్బతింటాయి, బీపీ పడిపోతుంది, రక్తం గడ్డకట్టే ఏర్పాటు మొత్తం తలకిందులవుతుంది. సీసా అంతా ఎక్కనక్కర్లేదు, కొన్ని పదుల మిల్లీలీటర్లతోనే ప్రాణం మీదికి వస్తుంది. చాలామంది పొరపాటు బ్లడ్ బ్యాంకులో జరుగుతుందనుకుంటారు. అక్కడా జరగొచ్చు గానీ ఎక్కువగా జరిగేది మంచం దగ్గరే. ఇద్దరి దగ్గర శాంపిల్ తీసి, ట్యూబులు జేబులో వేసుకుని, టేబుల్ దగ్గర కూర్చుని తీరిగ్గా లేబుల్ రాస్తే ట్యూబులు తారుమారవుతాయి. ఇక బ్లడ్ బ్యాంకు వాళ్లు ఎంత జాగ్రత్తగా క్రాస్ మ్యాచ్ (ఆ రక్తం ఈ మనిషికి పడుతుందో లేదో చూసే పరీక్ష) చేసినా ఏం లాభం, వాళ్ల చేతికొచ్చిందే వేరేవాళ్ల రక్తం. అందుకే శాంపిల్ తీసినచోటే, పట్టీ చూసి, ట్యూబు మీద రాయాలంటారు. ఎక్కించేటప్పుడు ఇద్దరు నిలబడి, ఒకరు పట్టీ మీద ఉన్నది పైకి చదువుతుంటే ఇంకొకరు రక్తం సంచి మీద ఉన్నది చూడాలంటారు. థియేటర్లో మత్తులో ఉన్న మనిషి తన పేరు చెప్పలేడు. అప్పుడు చెయ్యే చెప్పాలి.

ఈ పట్టీ వెనకున్న చరిత్ర చదివితే ఆ పాఠకుడికి ఇంకొంచెం గౌరవం కలుగుతుందేమో. మనిషి ఒంటి మీద పేరు కట్టే ఆలోచన ఆసుపత్రిలో పుట్టలేదు, యుద్ధంలో పుట్టింది. అది కూడా బతికున్నవాళ్ల కోసం కాదు. అమెరికా అంతర్యుద్ధంలో 1864 జూన్‌లో కోల్డ్ హార్బర్ దగ్గర దాడికి ముందు రోజు రాత్రి సైనికులు కాగితం ముక్కల మీద పేరు, చిరునామా రాసుకుని కోటు వీపుకి పిన్నుతో గుచ్చుకుంటూ కనిపించారని ఉత్తరాది సేనాధిపతి జనరల్ గ్రాంట్ దగ్గర పనిచేసిన హోరెస్ పోర్టర్ రాశాడు. రేపు పోతే శవం ఎవరిదో తెలియాలి, అంతే వాళ్ల కోరిక. ప్రభుత్వం ఇవ్వలేదు కాబట్టి వాళ్లే చేసుకున్నారు.

తర్వాత ఫిలిప్పీన్స్‌లో చనిపోయిన సైనికుల్ని గుర్తించే పని చూసిన చార్లెస్ పియర్స్ అనే ఆర్మీ చాప్లిన్ (సైన్యంలో ఉండే మతగురువు), ప్రతి సైనికుడికీ ఒక బిళ్ల ఇవ్వాలని 1899లో సిఫారసు చేశాడు. అమెరికా సైన్యం 1906 డిసెంబరులో ఆదేశం ఇచ్చింది: అర డాలరు వెండి నాణెమంత అల్యూమినియం బిళ్ల, దాని మీద పేరు, హోదా, కంపెనీ, రెజిమెంటు. బట్టల కింద మెడలో వేసుకోవాలి. బ్రిటిష్ సైన్యం 1907 నుంచి అల్యూమినియం బిళ్ల ఇచ్చింది, 1914లో దాన్ని మార్చి ఎర్రటి ఫైబర్ బిళ్ల తెచ్చింది.

ఇక్కడొక పొరపాటు జరిగింది. వార్డుల్లో పనిచేసినవాళ్లకి అది వెంటనే అర్థమవుతుంది. బిళ్ల ఒక్కటే. సైనికుడు చనిపోతే కబురు రాయడానికి, రికార్డుల కోసం ఆ బిళ్లని తీసుకెళ్లిపోయేవారు. ఇక్కడ శవానికి పేరు పోయింది. తర్వాత పూడ్చడానికి వచ్చినవాళ్లకి అది ఎవరో తెలియదు. దాంతో 1916లో బ్రిటిష్ సైన్యం రెండు బిళ్లలు మొదలుపెట్టింది. ఎనిమిది మూలల ఆకుపచ్చది శవంతోనే ఉండాలి, గుండ్రటి ఎర్రది తీసుకెళ్లాలి. అదే ఏడాది అమెరికా వాళ్లూ రెండోది పెట్టారు. బ్రిటిష్ వాళ్ల బిళ్ల ఫైబరుది కావడంతో మట్టిలో కొన్నాళ్లకి పాడైపోయేది. అది తెలిసిన సైనికులు సొంత డబ్బుతో లోహపు గొలుసు చేయించుకుని, మణికట్టుకి పేరు కట్టుకునేవారు. ఫ్రెంచి సైన్యమైతే తనే ఒక పలకని మణికట్టుకి కట్టించింది. ఫ్రాన్స్‌లో తియెప్‌వాల్ దగ్గర ఉన్న స్మారకం మీద 72,000కి పైగా పేర్లున్నాయి. వాళ్లంతా మొదటి ప్రపంచ యుద్ధంలో సోమ్ ప్రాంతంలో చనిపోయి, సమాధి ఎక్కడో తెలియనివాళ్లు. అన్నిటికీ బిళ్లలే కారణమని అనను, ఫిరంగి గుండు పడినచోట బిళ్లా మిగలదు, మనిషీ మిగలడు. కానీ పేరు పోవడం అంటే ఏమిటో ఆ గోడ ముందు ఎవరికైనా తెలుస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధం నాటికి సైనికుల చేతికి వెండి గొలుసు, మధ్యలో పేరు చెక్కిన పలక, ఫ్యాషన్ అయిపోయింది. ఇంట్లోవాళ్లు, ప్రేమించినవాళ్లు కొనిచ్చేవారు. ఇవాళ కుర్రాళ్లు పేరు చెక్కించుకుని వేసుకునే గొలుసులకి మూలం అక్కడే ఉంది. ఆ సంగతి వాళ్లలో ఎందరికి తెలుసో!

వియత్నాం యుద్ధం రోజుల్లో ఇది తిరగబడింది. 1970 నవంబరు 11న లాస్ ఏంజెలెస్‌లో ఒక విద్యార్థి సంఘం, శత్రువుల చేతికి చిక్కిన, ఆచూకీ తెలియని సైనికుల పేర్లతో లోహపు కడియాలు పంచడం మొదలుపెట్టింది. మన చేతికి ఎవరో తెలియని మనిషి పేరు. ఆయన తిరిగొచ్చేవరకో, అస్థికలైనా వచ్చేవరకో తియ్యకూడదు. దాదాపు 50 లక్షల కడియాలు జనంలోకి వెళ్లాయి. గుర్తింపు కడియాల చరిత్రలో నా మనసుకి దగ్గరైంది ఇదే, నర్సింగుకీ దీనికీ సంబంధం లేకపోయినా.

ఆసుపత్రుల్లోకి వస్తే, మొదట పట్టీ పడింది పసిపిల్లలకి. ఒకే గదిలో వరసగా ఉయ్యాలలు, అన్నిట్లో ఒకేలా చుట్టిన మూటలు, పుట్టిన మొదటి రోజు ముఖాలూ ఒకేలా ఉంటాయి. తల్లులు ఒప్పుకోకపోయినా ఇది నిజం. గత శతాబ్దం మొదటి సగంలో అమెరికా ఆసుపత్రుల్లో అక్షరాలున్న చిన్న పూసలు గుచ్చి, ఇంటిపేరు వచ్చేలా దండ చేసి బిడ్డకి కట్టేవారు. ఊడిపోకుండా చివర సీసం ముక్క పెట్టి నొక్కి సీలు వేసేవారు. సీసం అనగానే ఇప్పటి డాక్టర్లు ఉలిక్కిపడతారు గానీ అప్పట్లో అదే భద్రత. ప్లాస్టిక్ పట్టీలు 1950ల్లో వచ్చాయి. ఇప్పుడు తల్లికీ బిడ్డకీ ఒకే నంబరున్న పట్టీల సెట్టు వేస్తారు.

బిడ్డకి రెండెందుకు, చేతికొకటి కాలికొకటి ఎందుకు అని నాతో వాదించిన తాతయ్యలు, నాన్నలు ఎందరో. పుట్టిన బిడ్డ మొదటి కొన్ని రోజుల్లో బరువు తగ్గుతుంది, పుట్టినప్పటి బరువులో పదో వంతు దాకా తగ్గొచ్చు. పుట్టగానే సరిగ్గా సరిపోయిన పట్టీ మూడో రోజుకి వదులై, స్నానం చేయించేటప్పుడు తువ్వాలుతో పాటు జారిపోతుంది. దుప్పట్ల మూటలో వెతికి వెతికి పట్టుకున్న పట్టీలెన్నో. ఒకటి జారినా ఇంకొకటి ఉండాలని రెండు. జారినదాన్ని తీసుకొచ్చి "ఇదీ ఈ బిడ్డదే అయ్యుంటుంది" అని మళ్లీ తొడగకూడదు. తల్లి పట్టీతో, బిడ్డ రెండో పట్టీతో నంబరు కలిపి చూసి, కొత్తది వెయ్యాలి.

పసిపిల్లలతో ఇంకో చిక్కు, వాళ్లకి పేరే ఉండదు. అమెరికా ఆసుపత్రుల్లో చాలాకాలం అందరికీ "బేబీబాయ్", "బేబీగర్ల్" అని రాసి ఇంటిపేరు తగిలించేవారు. ఒక బిడ్డకి రాయాల్సిన మందు ఇంకో బిడ్డ షీట్‌లో పడేది. తల్లి పేరుని ముందు పెట్టి, అంటే తల్లి పేరు వెండీ అయితే వెండీ కొడుకు ఫలానా అన్నట్టుగా రాయడం మొదలుపెడితే, అలాంటి తప్పు ఆర్డర్లు మూడో వంతుకి పైగా తగ్గాయని 2015లో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. కొత్త మెషీన్ లేదు, ఖర్చు లేదు, పేరు రాసే పద్ధతి మార్చారంతే. నాకు ఇలాంటి పనులంటే గౌరవం.

ఆసుపత్రి బయట వేసుకునే పట్టీ కథ ఇంకొకటి. కాలిఫోర్నియాలోని టర్లాక్ అనే ఊళ్లో మేరియన్ కాలిన్స్ అనే డాక్టరు ఉండేవాడు. ఆయన కూతురు లిండాకి వేలు తెగింది. ధనుర్వాతం రాకుండా ఇచ్చే యాంటీటాక్సిన్ పడుతుందో లేదో చూద్దామని ఇచ్చిన కొంచెం మందుకే పిల్ల ప్రాణం మీదికి వచ్చింది. బతికింది. కానీ మళ్లీ ఎక్కడైనా స్పృహ తప్పి పడితే, తెలియని డాక్టరు అదే మందు పొడిస్తే? మొదట కాగితం మీద రాసి వెంట ఉంచేవారు. పిల్ల చదువుకి వేరే ఊరు వెళ్లేటప్పుడు తండ్రి వెండి పలక మీద ఆ అలర్జీ సంగతి చెక్కించి చేతికి వేశాడు. 1956లో ఆ కుటుంబమే ఇలాంటి కడియాలు ఇచ్చే మెడిక్‌అలర్ట్ సంస్థని స్థాపించింది.

ఇలాంటి కడియం అందరికీ అక్కర్లేదు. ఇన్సులిన్ వాడేవాళ్లకి కావాలి. షుగరు బాగా పడిపోయిన మనిషి తడబడతాడు, మాట తేడాగా వస్తుంది, ఒక్కోసారి కోపంగా తోసేస్తాడు. చూసినవాళ్లు తాగి ఉన్నాడనుకుని పక్కన కూర్చోబెట్టి వెళ్లిపోతారు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకి, మూర్ఛ ఉన్నవాళ్లకి, రక్తం సరిగ్గా గడ్డకట్టని హీమోఫీలియా జబ్బు వాళ్లకి, పెన్సిలిన్ లాంటివి పడనివాళ్లకి, ఎక్కువకాలంగా స్టెరాయిడ్లు వాడుతూ ఉన్నట్టుండి ఆపకూడనివాళ్లకి అది నిజంగా పనికొస్తుంది. మతిమరుపు జబ్బుతో ఇంట్లోంచి బయటికెళ్లిపోయే పెద్దవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఫోన్లో అన్నీ ఉన్నాయి కదా అంటారు పిల్లలు. ఫోన్ లాక్ ఉంటుంది, చార్జింగ్ అయిపోతుంది, యాక్సిడెంట్‌లో ఎక్కడో ఎగిరిపడుతుంది. పల్స్ చూడటానికి మణికట్టు పట్టుకున్న మనిషికి ఎదురుగా కనిపించేది కడియం. దాని మీద రామాయణమంతా రాయించకండి. పేరు, జబ్బు లేక పడని మందు, ఇంట్లోవాళ్ల ఫోన్ నంబరు, అంతే. వాడుతున్న మందు మారితే కడియమూ మార్చాలి. రెండేళ్ల క్రితం ఆపేసిన మందు పేరు చేతి మీద ఉంటే అది లేకపోవడం కంటే ప్రమాదం.

రంగుల పట్టీల గురించి నాకు మంచి అభిప్రాయం లేదు. ఎర్రది అలర్జీ, పసుపుది పడిపోయే ప్రమాదం, ఊదాది ఇంకేదో అని ఒక్కో ఆసుపత్రి ఒక్కో లెక్క పెట్టుకుంటుంది. ఇది ఎక్కడికి దారి తీస్తుందో అమెరికాలోని పెన్సిల్వేనియాలో 2005లో బయటపడింది. ఒక నర్సు రెండు ఆసుపత్రుల్లో పనిచేసేది. ఒకచోట పసుపు పట్టీ అంటే "ఈ చేతికి సూది గుచ్చొద్దు" అని. అది మనసులో పెట్టుకుని రెండోచోట ఒక రోగికి పసుపుది వేసింది. అక్కడ పసుపు అంటే "గుండె ఆగితే మళ్లీ కొట్టించే ప్రయత్నం చెయ్యొద్దు" అని అర్థం! రోగికి గుండె ఆగింది, పరుగెత్తుకొచ్చిన టీమ్ పట్టీ చూసి ఆగబోయింది. ఇంకో నర్సు సమయానికి తప్పు పట్టుకుంది కాబట్టి ఆ మనిషి బతికాడు. ఆ తర్వాతే అక్కడ అన్ని ఆసుపత్రులకీ ఒకే రంగులు ఉండాలన్న కదలిక వచ్చింది. బ్రిటన్‌లో అయితే తెల్ల పట్టీ, నల్ల అక్షరాలు, ఏదైనా హెచ్చరిక ఉంటే ఒక్క ఎర్రది, ఇంకే రంగూ వద్దు అని 2007లో చెప్పారు. నాకు ఆ పద్ధతే నచ్చింది. రంగు చూడగానే కళ్లు చదవడం మానేస్తాయి.

బార్‌కోడ్ వచ్చాక ఇవన్నీ పాతబడ్డాయి అనేవాళ్లున్నారు. బార్‌కోడ్ మంచిదే, పైగా దాన్ని మందుల ట్రాలీ దాకా తెచ్చింది మా నర్సే. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రిలో పనిచేసే స్యూ కిన్నిక్ 1992లో అద్దె కారు తిరిగి ఇచ్చేటప్పుడు, అక్కడి ఉద్యోగి చేతిలో ఉన్న చిన్న యంత్రంతో కారు మీది గీతల్ని చదవడం చూసి, కారుకి చేయగలిగింది మా రోగులకి ఎందుకు చేయలేం అనుకుంది. టొపీకాలోని ఆ ఆసుపత్రిలో మొదలై, కొన్నేళ్లకి ఆ వ్యవస్థలోని ఆసుపత్రులన్నిటికీ వెళ్లింది.

కానీ మనుషులం కదా, అడ్డదారి వెతకనిదే ఉండం. 2008లో వచ్చిన ఒక అధ్యయనంలో అమెరికా ఆసుపత్రుల్లో నర్సులు బార్‌కోడ్‌ని తప్పించుకునే పద్ధతులు 15 రకాలుగా తేలాయి. రోగి పట్టీకి ఇంకో కాపీ ప్రింట్ తీసి ట్రాలీకో, తలుపు చట్రానికో అంటించుకుని, అక్కడే స్కాన్ చేసేయడం అందులో ఒకటి. మెషీన్ "సరే" అంటుంది, రోగి మాత్రం లోపల ఎక్కడో ఉంటాడు. చదివి నాకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. అయితే తప్పంతా నర్సులదే అని నేను ఒప్పుకోను. అదే అధ్యయనం ఆ అడ్డదారులకి 31 కారణాలు చూపించింది. చిరిగిన, తడిసిన, చదవలేని బార్‌కోడ్లు, బ్యాటరీ పోయిన స్కానర్లు, వైర్‌లెస్ అందకపోవడం, ఇలాంటివి. పదిమంది చెయ్యాల్సిన పనిని నలుగురి మీద పడేసి, పనిచేయని స్కానర్ చేతికిచ్చి, నిద్రపోతున్న రోగి చెయ్యి పైకెత్తమంటే ఏమవుతుంది?

ఇప్పుడు ఆ పాఠకుడి కోపంలో న్యాయమైన సగం. ఖైదీ అన్న మాట ఊరికే రాలేదు. పట్టీ వేసేవాడికీ వేయించుకునేవాడికీ మధ్య ఎవరిది పైచెయ్యో అనే ప్రశ్న ఎప్పుడూ ఉంటుంది. 1983లో అమెరికాలోని ఆల్బుకర్కీలో జాక్ లవ్ అనే జడ్జి, ఒక కామిక్ చదివి వచ్చిన ఆలోచనతో, నేరస్థుల కాలికి ఎలక్ట్రానిక్ పట్టీ వేయించాడు. అది నేరస్థులకి, కోర్టు ఆదేశంతో. కానీ 2016లో బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో ఆశ్రయం కోరి వచ్చినవాళ్లకి, భోజనం కావాలంటే రంగు పట్టీ చేతికి కట్టుకుని తిరగాలని పెట్టారు. పట్టీ చూసి రోడ్డు మీద జనం వాళ్లని తిట్టారు. గొడవయ్యాక తీసేశారు. మనిషి మేలు కోసం కట్టింది, మనిషిని వేరు చేసి చూపించడానికి కట్టింది, పైకి రెండూ ఒకేలా ఉంటాయి.

ఆసుపత్రి పట్టీ రెండో రకంలోకి జారిపోకుండా చూసే బాధ్యత ఆసుపత్రి వాళ్లదే. పట్టీ మీద జబ్బు పేరు రాయకూడదు, ముఖ్యంగా నలుగురూ దూరంగా జరిగే జబ్బులు. నేను పనిచేసిన ఒకచోట అలాంటి జబ్బున్నవాళ్లకి వేరే రంగు పట్టీ వేయమని చెప్పారు, మేం కొందరం ఎదురు తిరిగితే ఆపారు. అందరి రక్తాన్నీ ఒకే జాగ్రత్తతో ముట్టుకుంటే రంగుతో పనేముంది? ఇంకా, పట్టీ వేసే ముందు ఎందుకో ఒక్క ముక్క చెప్పాలి. "మందు పొరపాటున ఇంకొకరిది మీకు రాకుండా వేస్తున్నాం, మేం ప్రతిసారీ పేరు అడుగుతాం, విసుక్కోవద్దు" అనడానికి అర నిమిషం పట్టదు. ఆ పాఠకుడి తండ్రి దగ్గర ఎవరూ ఆ మాట అనలేదని ఆయన లేఖ చూస్తేనే తెలుస్తోంది. తండ్రి చేతికి అడక్కుండా ఏదో బిగించి వెళ్లిపోతే ఏ కొడుక్కైనా కోపం వస్తుంది.

రోగుల వెంట ఉండేవాళ్లు కూడా నాలుగు విషయాలు పట్టించుకోవాలి. చేర్చిన రోజే పట్టీ మీద పేరు, వయసు, నంబరు చదవండి. అక్షరం తేడా ఉంటే అప్పుడే మార్పించండి, "పోనీలే" అనకండి. సెలైన్ ఎక్కించే గొట్టం (క్యాన్యులా) పెట్టిన చెయ్యి వాచి పట్టీ బిగుసుకుంటే మీరు కత్తెర తీసుకోకండి, నర్సుని పిలవండి. డ్రిప్ కోసమో, థియేటర్లోనో సిబ్బందే కత్తిరిస్తే కొత్తది వెంటనే వెయ్యమని అడగండి. కత్తిరించిన పట్టీని మంచం కడ్డీకి కట్టే అలవాటొకటి ఉంది, దాన్ని ఒప్పుకోకండి. మంచానికి జబ్బు లేదు. స్నానానికి అడ్డమనీ, ఫొటోలో బాగుండదనీ తీసేవాళ్లని చూశాను. డిశ్చార్జి కాగితం చేతికొచ్చేదాకా ఉండనివ్వండి. ఎవరైనా పేరు అడక్కుండా, పట్టీ చూడకుండా ఇంజెక్షన్ చెయ్యబోతే చెయ్యి ముందుకి చాపి "ఒకసారి చూడండి సిస్టర్" అనండి. మంచి నర్సు దానికి ఏమీ అనుకోదు.

ఆసుపత్రులు నడిపేవాళ్లకి ఒక మనవి. చేతులు శుభ్రం చేసే శానిటైజర్ తగిలితే చెరిగిపోయే సిరాతో పట్టీలు ప్రింట్ చేయిస్తున్నారు కొందరు. రెండో రోజుకే అక్షరాలు బూడిదరంగు మరకవుతాయి, మూడో రోజు నర్సు బాల్‌పెన్‌తో దిద్దుతుంది, 6 కాస్తా 8 అవుతుంది. పట్టీల ధర చూసేటప్పుడు ఒక పట్టీ తీసుకుని శానిటైజర్‌తో బాగా రుద్ది చూడండి, ఆ తర్వాతే ఆర్డరు పెట్టండి.

ఇట్లు,
ఒక విశ్రాంత హెడ్ నర్సు